యూరప్‌లో పెట్రోలు కారు: కొనడం, నడపడం, అమ్మడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీకి కొత్తగా వచ్చిన విద్యార్థి నుంచి ఇంగ్లండ్‌లో పదేళ్లుగా ఉంటూ ఇప్పుడు బండి మార్చాలనుకునే కుటుంబం దాకా అందరూ తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతున్నారు. వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. పన్నులు, నిబంధనలు 2025 నాటివి.

## లెక్కలు చదివేటప్పుడు

యూరప్‌లో పెట్రోలు కార్ల పని అయిపోయిందంటున్నారు, నిజమేనా?

కొత్త కార్ల అమ్మకాలు వేరు, రోడ్డు మీద తిరుగుతున్న కార్లు వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఈ మాట పుట్టింది. 2024లో యూరోపియన్ యూనియన్‌లో సుమారు కోటీ 6 లక్షల కొత్త కార్లు రిజిస్టరయ్యాయి. వాటిలో పెట్రోలువి 33.3 శాతం, హైబ్రిడ్‌లు 30.9 శాతం, పూర్తి విద్యుత్ కార్లు 13.6 శాతం, డీజిల్‌వి 11.9 శాతం. రోడ్డు మీద మాత్రం 25 కోట్లకు పైగా కార్లున్నాయి. వాటిలో దాదాపు సగం పెట్రోలువే. 2023 నాటికి పూర్తి విద్యుత్ కార్లు 2 శాతం కూడా దాటలేదు.

ఏడాదికి కోటి చొప్పున కొత్తవి వస్తుంటే 25 కోట్లు మారడానికి ఇరవై ఏళ్లకు పైనే పడుతుంది. కాబట్టి పెట్రోలు బంకులు, మెకానిక్‌లు, విడిభాగాలు ఇప్పట్లో ఎక్కడికీ పోవు.

హైబ్రిడ్ అంటే పెట్రోలు కారు కాదా?

ఎక్కువ శాతం పెట్రోలు కారే. చాలా హైబ్రిడ్‌లలో ఉండేది పెట్రోలు ఇంజనే, పక్కన ఒక మోటారు, చిన్న బ్యాటరీ. వీటిలోనూ మైల్డ్ హైబ్రిడ్ అనే రకం ఉంది. 48 వోల్టుల మోటారు ఇంజన్‌కు కాస్త చేయూతనిస్తుందే తప్ప, సాధారణంగా తానొక్కటే బండిని లాగలేదు. ఐరోపా కార్ల తయారీదారుల సంఘం ఈ మైల్డ్ హైబ్రిడ్‌లను హైబ్రిడ్ ఖాతాలో వేస్తుంది. బ్రిటన్ పరిశ్రమ సంఘం వాటినే పెట్రోలు ఖాతాలో వేస్తుంది. 2024లో బ్రిటన్ కొత్త కార్లలో పెట్రోలు వాటా 52.2 శాతం అని కనిపించడానికి ఇదొక కారణం. రెండు దేశాల పట్టికలు పక్కపక్కన పెట్టే ముందు మైల్డ్ హైబ్రిడ్ ఏ గడిలో ఉందో చూడండి, లేకపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

నార్వేలో అందరూ ఈవీలే కొంటున్నారు కదా, మిగతా దేశాలకు ఏమైంది?

నార్వేలో ఇది పన్నులతో సాధించిన మార్పు. పెట్రోలు కారు కొంటే బరువును, పొగను బట్టి భారీ రిజిస్ట్రేషన్ పన్ను, దాంతోపాటు 25 శాతం వ్యాట్. ఈవీలకు ఏళ్ల తరబడి ఆ వ్యాట్ లేదు. 2023 నుంచి 2025 దాకా 5 లక్షల క్రోనర్లు దాటిన భాగానికి మాత్రమే వేశారు. ఫలితంగా 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం పూర్తి విద్యుత్‌వి. 2024 సెప్టెంబరులో అక్కడి రోడ్ల మీద విద్యుత్ కార్ల సంఖ్య 7,54,303కు చేరి, పెట్రోలు కార్లను (7,53,905) మొదటిసారి దాటింది. అంత కష్టపడిన దేశంలో కూడా ఆ రోజుకు డీజిల్ కార్లు దాదాపు 10 లక్షలున్నాయి.

పోలండ్, రొమేనియా, బల్గేరియాల్లో చాలా కుటుంబాలు కొనేది కొత్త కారు కాదు, జర్మనీలాంటి దేశాల నుంచి వచ్చిన పదేళ్ల నాటి సెకండ్ హ్యాండ్ బండి. అక్కడ ఈవీ రావాలంటే ముందు పశ్చిమ దేశాల్లో అది పాతబడాలి.

ఒక దేశంలో అంతా పెట్రోలు, పక్క దేశంలో అంతా డీజిల్. ఎందుకిలా?

చాలావరకు పన్నే కారణం. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం ఇంధనంపై వేయాల్సిన కనీస ఎక్సైజ్ లీటరు పెట్రోలుకు 0.359 యూరో, డీజిల్‌కు 0.33 యూరో. ఆ పైన ఎవరిష్టం వాళ్లది. ఫ్రాన్స్ డీజిల్‌ను చౌకగా ఉంచింది, 2012లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 73 శాతం డీజిల్‌వే. ఐర్లండ్‌లో 2008లో రోడ్డు పన్నును కార్బన్ డయాక్సైడ్ లెక్కకు మార్చగానే జనం డీజిల్ వైపు మళ్లారు. నెదర్లాండ్స్‌లో డీజిల్ కారుకు వార్షిక పన్ను బాగా ఎక్కువ, అందుకే ఇంటి కార్లలో అత్యధికం పెట్రోలువి. గ్రీస్‌లో పొగ వల్ల ఏథెన్స్, థెస్సలోనికీలలో డీజిల్ కార్లను 2011 దాకా రానివ్వలేదు. బ్రిటన్ రెండు ఇంధనాల మీదా ఒకే సుంకం వేస్తుంది, 2025లో లీటరుకు 52.95 పెన్నీలు.

2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ డీజిల్ పరీక్షల మోసం బయటపడ్డాక ఈ బొమ్మ తిరగబడింది. నగరాలు డీజిల్‌ను ఆపడం మొదలుపెట్టాయి, కొనేవాళ్లు పెట్రోలుకు తిరిగొచ్చారు. పెట్రోలు వాటా మళ్లీ తగ్గడం ఆ తర్వాత హైబ్రిడ్‌లు, ఈవీల వల్ల జరిగింది.

2035 తర్వాత పెట్రోలు కారు నడపనివ్వరా?

నడపనిస్తారు. ఆ చట్టం కొత్త కార్ల అమ్మకానికి మాత్రమే. 2023లో చేసిన నియమం ప్రకారం 2035 నుంచి కంపెనీలు అమ్మే కొత్త కార్ల సగటు ఉద్గారాలు సున్నా కావాలి. 2025 డిసెంబరులో యూరోపియన్ కమిషన్ దాన్ని 90 శాతం తగ్గింపుగా సడలించాలని ప్రతిపాదించింది. బ్రిటన్‌లో కొత్త పెట్రోలు, డీజిల్ కార్ల అమ్మకం 2030లో ఆగుతుంది, హైబ్రిడ్‌లకు 2035 దాకా గడువుంది. మీ దగ్గర ఇప్పటికే ఉన్న బండిని గానీ సెకండ్ హ్యాండ్ అమ్మకాన్ని గానీ ఈ చట్టాలు ఆపవు. మీ బండికి అసలు అడ్డంకి నగరాల పొగ నిబంధనల నుంచే వస్తుంది.

జనాభాతో పోలిస్తే కార్లు ఎక్కువగా ఉన్న దేశం ఏది?

2023 లెక్కల్లో ఇటలీ, వెయ్యి మందికి 694 కార్లు. యూనియన్ సగటు 570 చిల్లర. అడుగున లాత్వియా, 429. కారు సగటు వయసు 12 ఏళ్లు దాటింది, గ్రీస్‌లో 17 దగ్గర ఉంది.

## కొనే ముందు

పెట్రోలు తీసుకోవాలా, డీజిల్ తీసుకోవాలా?

ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ముందు రాసుకోండి. జర్మనీలో లెక్క వేద్దాం. 1.0 లీటరు పెట్రోలు కారు 100 కిలోమీటర్లకు 5.1 లీటర్లు, 2.0 లీటర్ల డీజిల్ కారు 4.5 లీటర్లు తాగుతుందనుకోండి. పెట్రోలు 1.70, డీజిల్ 1.60 యూరోలు అనుకుంటే 100 కిలోమీటర్లకు ఖర్చు 8.67, 7.20. తేడా 1.47 యూరోలు. కానీ ఆ డీజిల్ కారుకు వార్షిక పన్ను 170 యూరోలు ఎక్కువ. అంటే ఏడాదికి సుమారు 11,500 కిలోమీటర్లు తిరిగితేనే పన్ను తేడా పూడుతుంది. బండి ధరలో తేడా, యాడ్‌బ్లూ (డీజిల్ పొగను శుద్ధి చేయడానికి పోసే ద్రవం) ఖర్చు, పొగ ఫిల్టర్ బాధ ఇంకా మిగిలే ఉంటాయి.

ఆఫీసుకు ట్రామ్‌లో వెళ్లి, వారాంతంలో ఇండియన్ స్టోర్‌కూ గుడికీ కారు తీసేవాళ్లకు డీజిల్ వద్దు. రోజూ 15 నిమిషాల లోపు ప్రయాణాలైతే డీజిల్ పొగ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కదు, మూసుకుపోతుంది.

లీటరుకు ఎంత ఇస్తుందో ఎవరూ చెప్పరేం?

ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది, 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని. 100ను ఆ అంకెతో భాగిస్తే మన మైలేజీ వస్తుంది. 6 అని ఉంటే లీటరుకు 16.7 కిలోమీటర్లు. బ్రిటన్‌లో గ్యాలన్‌కు మైళ్లు చెబుతారు, దాన్ని 0.354తో గుణించండి. 45 అంటే లీటరుకు సుమారు 16 కిలోమీటర్లు.

సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారులో అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

టైమింగ్ బెల్ట్. గత పన్నెండు, పదమూడేళ్లలో వచ్చిన కొన్ని 1.0, 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్లలో ఈ రబ్బరు బెల్ట్ ఇంజన్ ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది. చలిలో చిన్న చిన్న ప్రయాణాలు చేస్తే కాలని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది, ఆ ఆయిల్ బెల్ట్‌ను నానబెట్టి ఉబ్బిస్తుంది. రబ్బరు పొడిపొడిగా రాలి, అడుగున ఆయిల్ పీల్చే జల్లెడను మూసేస్తుంది. ఆయిల్ ఒత్తిడి పడిపోయి ఇంజన్ పోతుంది. కొన్నిటిలో ఆ తుక్కు వాక్యూమ్ పంపులోకి కూడా చేరి బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది. పెడల్ గట్టిగా తగిలితే ఆ బండిని అక్కడే వదిలేయండి.

చూసే పద్ధతి ఇదీ. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేయండి. ఈ రకంలో చాలా ఇంజన్లకు బెల్ట్ అక్కడి నుంచే కనిపిస్తుంది. అంచులు పోగులు లేచినా, వీపు మీద పగుళ్లున్నా వద్దు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పున వస్తే, మట్టం గరిష్ఠ గీత దాటి ఉంటే ఆయిల్ పలచబడిందని అర్థం. సర్వీసు పుస్తకంలో ముద్ర సరిపోదు, ఏ గ్రేడు ఆయిల్ పోశారో రాసిన బిల్లులు అడగండి. ఇక్కడ తప్పు గ్రేడు ఆయిలే బెల్ట్‌ను తినేస్తుంది. 1.2 ప్యూర్‌టెక్ ఇంజన్లకు, ప్యూజో, సిట్రోయెన్ కార్లు చేసే స్టెలాంటిస్ సంస్థ 10 ఏళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా పొడిగించిన హామీ ఇచ్చింది. అది వర్తించాలంటే సర్వీసులన్నీ సమయానికి చేయించినట్లు కాగితం ఉండాలి.

బెల్ట్ బదులు గొలుసు ఉన్న ఇంజనైతే రాత్రంతా ఆగిన బండిని మీ ముందు స్టార్ట్ చేయించండి. మొదటి రెండు మూడు సెకన్లు గలగలమంటే గొలుసు సాగింది. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే మరో రోజు పొద్దున్నే రండి.

మీటరు వెనక్కి తిప్పారేమో ఎలా తెలుస్తుంది?

బెల్జియంలో కార్‌పాస్ అనే పత్రం లేకుండా పాత కారు అమ్మకూడదు, కిలోమీటర్ల చరిత్ర అంతా అందులో ఉంటుంది. బ్రిటన్‌లో నంబరు ప్లేటు కొడితే ప్రభుత్వ సైట్‌లో పాత ఎంవోటీ (వార్షిక తనిఖీ) పరీక్షలన్నీ ఉచితంగా కనిపిస్తాయి, ప్రతి పరీక్ష రోజు మీటరు ఎంతుందో సహా. నెదర్లాండ్స్‌లో వాహన శాఖ సైట్‌లో ప్లేటు కొడితే మీటరు లెక్క సవ్యంగా ఉందో లేదో తేల్చి చెబుతుంది. జర్మనీలో పాత తనిఖీ నివేదికలు అడిగి తేదీల వారీగా పేర్చుకోండి. ఇవ్వనంటే బేరం వద్దు.

ఇండియా లైసెన్సుతో నడపొచ్చా? ఆటోమేటిక్‌లో పరీక్ష రాస్తే చాలా?

జర్మనీలో నివాసం మొదలైన రోజు నుంచి 6 నెలలు, బ్రిటన్‌లో 12 నెలలు నడపొచ్చు. జర్మనీలో దాంతోపాటు అనువాదం గానీ అంతర్జాతీయ పర్మిట్ గానీ ఉంచుకోండి. గడువు దాటితే రెండుచోట్లా రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాయాలి. గడువు దాటాక నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే, బీమా కూడా ఆదుకోదు. నెదర్లాండ్స్‌లో గడువు 185 రోజులు. అక్కడ 30 శాతం పన్ను రాయితీ పొందే ఉద్యోగులు మాత్రం పరీక్ష లేకుండా లైసెన్సు మార్చుకోవచ్చు.

ఆటోమేటిక్‌లో పరీక్ష రాస్తే బ్రిటన్‌లో మాన్యువల్ నడపకూడదు. చౌకగా దొరికే పాత పెట్రోలు కార్లు ఎక్కువగా మాన్యువల్‌వే కాబట్టి బాగా ఆలోచించండి. జర్మనీలో 2021 నుంచి ఒక మధ్యేమార్గం ఉంది. మాన్యువల్‌లో కనీసం 10 పాఠాలు, డ్రైవింగ్ స్కూల్లో 15 నిమిషాల చిన్న పరీక్ష పూర్తి చేస్తే, అసలు పరీక్ష ఆటోమేటిక్‌లో రాసినా రెండూ నడపొచ్చు.

## పన్ను, బీమా, తనిఖీ

జర్మనీలో కారు పన్ను ఎలా లెక్కిస్తారు?

రెండు భాగాలు. ఇంజన్ సైజుకు ప్రతి 100 సీసీకి (మొదలైన వందనూ పూర్తి వందగానే లెక్కిస్తారు) పెట్రోలుకు 2 యూరోలు, డీజిల్‌కు 9.50. రెండోది పొగలోని కార్బన్ డయాక్సైడ్‌కు (ఈ రేట్లు 2021 నుంచి మొదటిసారి రిజిస్టరైన కార్లవి). కిలోమీటరుకు 95 గ్రాములు దాటిన ప్రతి గ్రాముకూ, 115 దాకా 2 యూరోలు, 135 దాకా 2.20, ఆ పైన మెట్లు మెట్లుగా పెరిగి 195 దాటాక 4 యూరోలు.

999 సీసీ పెట్రోలు, 120 గ్రాములు అనుకోండి. 10 వందలకు 20, మొదటి 20 గ్రాములకు 40, మిగిలిన 5 గ్రాములకు 11. మొత్తం 71 యూరోలు. అదే 120 గ్రాముల 1968 సీసీ డీజిల్‌కు 190కి 51 కలిపి 241. ఈ పన్ను బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కోసుకుంటారు, రిజిస్ట్రేషన్ రోజే ఆ అనుమతి పత్రం సంతకం చేయాలి.

బ్రిటన్‌లో పాత ఓనరు కట్టిన రోడ్డు టాక్స్ నాకు వస్తుందా?

రాదు. కారు చేతులు మారగానే ఆ టాక్స్ రద్దవుతుంది, మిగిలిన పూర్తి నెలల సొమ్ము పాత యజమానికి తిరిగి వెళుతుంది. మీరు తాళం తీసుకున్న రోజే కొత్తగా కట్టి ఇంటికి నడపాలి. 2017 ఏప్రిల్ తర్వాత రిజిస్టరైన పెట్రోలు కారుకు 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా రేటు ఏడాదికి 195 పౌండ్లు. కొత్తప్పుడు 40,000 పౌండ్లు దాటిన బండైతే రెండో ఏడు నుంచి ఆరో ఏడు దాకా, అదే రేట్ల ప్రకారం మరో 425. అంతకుముందు రిజిస్టరైన కార్లకు పొగను బట్టి టాక్స్ కాబట్టి, 2015 నాటి చిన్న పెట్రోలు కారుకు ఏడాదికి 20 పౌండ్లు మాత్రమే పడటం మామూలే. కొనే ముందు ప్లేటు నంబరుతో చూసుకుంటే ఏటా నూట డెబ్బై పౌండ్ల దాకా మిగలొచ్చు.

బీమా ఇంత ఎక్కువ చెబుతున్నారేంటి?

మీ ఇండియా అనుభవాన్ని ఇక్కడి కంపెనీలు మామూలుగా లెక్కలోకి తీసుకోవు. జర్మనీలో ప్రమాదం లేకుండా గడిపిన ఏళ్లను బట్టి తరగతి ఉంటుంది, కొత్తవాళ్లు సున్నా లేదా అర తరగతి నుంచి మొదలుపెట్టాలి. మొదటి ఏడాది వాత తప్పదు. ఇండియాలోని బీమా సంస్థ నుంచి క్లెయిమ్ లేదని ఇంగ్లిష్‌లో లేఖ తెచ్చుకుని నాలుగైదు కంపెనీలను అడగండి, ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. పదేళ్లు దాటిన చవక బండికి సొంత నష్టం కూడా చూసే పూర్తి బీమా దండగ.

తనిఖీ ఎన్నేళ్లకోసారి?

జర్మనీలో కొత్త కారుకు 3 ఏళ్లకు, ఆపైన 2 ఏళ్లకోసారి. ఫ్రాన్స్, ఇటలీలలో 4 ఏళ్లకు, తర్వాత 2 ఏళ్లకోసారి. స్పెయిన్‌లో 4 ఏళ్లకు మొదటిసారి, పదేళ్లు దాటాక ఏటా. బ్రిటన్‌లో 3 ఏళ్లకు, తర్వాత ఏటా. నెదర్లాండ్స్‌లో పెట్రోలు కారుకు 4, 6, 8 ఏళ్లప్పుడు, ఆపైన ఏటా.

## రోజూ నడిపేటప్పుడు

పంపు మీద ఈ5, ఈ10 అని ఉంటుంది, ఏది కొట్టించాలి?

ఆ అంకె ఇథనాల్ గరిష్ఠ శాతం. 2018 అక్టోబరు నుంచి యూనియన్ అంతటా ఒకే గుర్తులు: పెట్రోలుకు గుండ్రం, డీజిల్‌కు చతురస్రం, గ్యాస్‌కు వజ్రాకారం. ట్యాంకు మూత లోపల అదే గుర్తు ఉంటుంది, జత చూసుకుంటే చాలు. 2011 తర్వాత తయారైన పెట్రోలు కార్లన్నీ ఈ10కు పనికొస్తాయి. ఈ10తో ఇంధనం సుమారు ఒకటిన్నర శాతం ఎక్కువ తాగుతుంది, అంటే లీటరుకు రెండున్నర సెంట్లు. జర్మనీలో ఈ10 సాధారణంగా ఐదారు సెంట్లు చౌక. కాబట్టి ఈ10 లాభమే. నెలల తరబడి కదలకుండా నిలబెట్టే పాత బండికి మాత్రం ఈ5 కొట్టించండి, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది.

పొరపాటున డీజిల్ కారులో పెట్రోలు కొట్టించాను. ఇప్పుడేం చేయాలి?

స్టార్ట్ చేయకండి. తాళం కూడా తిప్పకండి, కొన్ని కార్లలో తిప్పగానే పంపు పనిచేయడం మొదలుపెడుతుంది. న్యూట్రల్‌లో పక్కకు తోసి, బంకులో చెప్పి, ట్యాంకు ఖాళీ చేసేవాళ్లను పిలిపించండి. డీజిల్‌లోని జిడ్డే పంపును కాపాడుతుంది, పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. పంపు అరిగి ఇనుప రజను ఇంజెక్టర్లలోకి చేరితే ఖర్చు వేలల్లోకి పోతుంది. ఈ పొరపాటు ఈ వైపే ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే పెట్రోలు గొట్టం సన్నగా ఉండి డీజిల్ ట్యాంకు నోట్లో సులువుగా దూరుతుంది. డీజిల్ గొట్టం లావు, పెట్రోలు కారులో పట్టదు. అద్దె కారు తీసుకున్న మొదటి రోజు మూత తెరిచి చూడటం అలవాటు చేసుకోండి.

నా పెట్రోలు కారును నగరంలోకి రానిస్తారా?

పెట్రోలుకు నిబంధనలు డీజిల్ కంటే బాగా మెత్తన. లండన్‌లో 2023 ఆగస్టు 29 నుంచి నగరమంతా పొగ నియంత్రణ ప్రాంతమే. పెట్రోలు కారు యూరో 4 (ఐరోపా పొగ ప్రమాణం) అయితే చాలు, 2006 తర్వాతివి దాదాపు అన్నీ అంతే. యూరో 4 కాని బండికైతే నడిపిన రోజుకు 12.50 పౌండ్లు. డీజిల్‌కైతే యూరో 6 కావాలి. జర్మనీలో ఇలాంటి ప్రాంతాలున్న నగరాల్లో అద్దం మీద పచ్చ స్టిక్కర్ ఉండాలి, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న పెట్రోలు కార్లన్నిటికీ దాదాపుగా వస్తుంది. అర్హత ఉన్నా అతికించకపోతే 100 యూరోల జరిమానా. స్పెయిన్‌లో 2006 తర్వాతి పెట్రోలు కారుకు సీ స్టిక్కర్, 2001 తర్వాతిదానికి బీ.

ఇటలీ వేరే కథ. అక్కడ చాలా నగరాల పాత పట్టణ కేంద్రాల్లోకి అనుమతి లేని ఏ కారూ రాకూడదు, ఎంత కొత్తదైనా సరే. కెమెరా ఫొటో తీస్తుంది, నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది. హోటల్ లోపల ఉంటే మీ ప్లేటు నంబరు ముందే ఇచ్చి నమోదు చేయించమనండి.

చలికాలంలో ఆయిల్ మట్టం పెరిగింది, ఇదేం వింత?

ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తుంటే సిలిండర్ గోడల మీది పెట్రోలు ఆయిల్‌లోకి జారుతుంది. వారానికి ఒక్కసారైనా హైవే మీద అరగంట నడపండి, కలిసిన పెట్రోలు ఆవిరైపోతుంది, 2018 తర్వాతి చాలా బండ్లలో ఉండే పెట్రోలు పొగ ఫిల్టర్ కూడా శుభ్రపడుతుంది. మట్టం గరిష్ఠ గీత దాటితే ఆయిల్ మార్చేయండి. చిన్న ప్రయాణాలవాళ్లు కంపెనీ చెప్పిన 30,000 కిలోమీటర్ల గడువు నమ్ముకోకుండా ఏటా ఒకసారి మార్చాలి.

జర్మనీలో పెట్రోలు ధరలో కార్బన్ పన్ను ఎంత?

2025లో టన్నుకు 55 యూరోలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.37 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 13 సెంట్లు, 19 శాతం వ్యాట్ కలిపితే పదిహేనున్నర. 45 లీటర్ల ట్యాంకు నింపితే దాదాపు 7 యూరోలు దీనికే పోతాయి.

## అమ్మేటప్పుడు, దేశం మారేటప్పుడు

జర్మనీలో కొని నెదర్లాండ్స్‌కు తీసుకెళితే మళ్లీ వ్యాట్ కట్టాలా?

కారు వయసు 6 నెలలు దాటి, 6,000 కిలోమీటర్లు కూడా దాటి ఉంటే కట్టక్కర్లేదు. రెండిట్లో ఏ ఒక్కటి దాటకపోయినా దాన్ని కొత్త కారుగా చూసి, వెళ్లిన దేశంలో వ్యాట్ అడుగుతారు. రిజిస్ట్రేషన్ పన్ను వేరు, నెదర్లాండ్స్, డెన్మార్క్‌లలో అది భారీగా ఉంటుంది. ఇల్లు మారడం కింద మినహాయింపు ఉంటుంది కానీ బండి ముందే కొంతకాలం మీ పేరు మీద ఉండాలి. సరిహద్దు దాటకముందే దరఖాస్తు సంగతి చూసుకోండి. తయారీదారు ఇచ్చే అనుగుణ్యతా పత్రం పోగొట్టుకోకండి, నకలు తెప్పించుకోవడానికి డబ్బు, వారాలు రెండూ పోతాయి.

ఇప్పుడు పెట్రోలు కారు కొంటే ఐదేళ్ల తర్వాత ఎవరైనా కొంటారా?

చిన్న, మధ్యరకం పెట్రోలు కార్లను కొంటారు. కొత్తవి తగ్గేకొద్దీ మంచి స్థితిలో ఉన్న పాతవాటికి గిరాకీ నిలబడుతుంది, తూర్పు ఐరోపా కొనుగోలుదారులు ఎలాగూ ఉన్నారు. పోలండ్‌లో 2,000 సీసీ లోపు కారుకు ఎక్సైజ్ 3.1 శాతం, దాటితే 18.6. అందుకే పెద్ద ఇంజన్ బండి అమ్మడం కష్టం. నార్వే, డెన్మార్క్‌లలో ఉన్నవాళ్లు మాత్రం కొత్త పెట్రోలు కారు మీద డబ్బు పెట్టొద్దు.

తిరిగి హైదరాబాద్ వచ్చేటప్పుడు కారు తెచ్చుకోవచ్చా?

ఐరోపా ఖండం కారుకు స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది, అది ఇండియాలో కుదరదు. బ్రిటన్, ఐర్లండ్ కారు స్టీరింగ్ వరకు సరిపోయినా, వాడిన కారు తయారై 3 ఏళ్లు దాటకూడదు, పైగా సుంకం కారు ధరనే మించిపోతుంది. అక్కడే అమ్మేయండి. బ్రిటన్‌లో అమ్మితే యాజమాన్యం మారినట్టు ఆన్‌లైన్‌లో అదే రోజు తెలియజేయండి, లేకపోతే కొన్నవాళ్ల పార్కింగ్ జరిమానాలు మీ పేరు మీదే వస్తుంటాయి.